కెమెరా వెనక తలుపు

1902 ఏప్రిల్. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర డేరాలు వెలిశాయి. వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య నిజాం రాజ్యంలో వేటకు వచ్చారు. మొదటి రోజే పులి దొరికింది. దాన్ని తెచ్చి నేల మీద పరిచారు. దంపతులు దాని వెనక నిలబడ్డారు. ఇక అందరి చూపూ ఒక చెక్కపెట్టె వైపు తిరిగింది.

ఆ రోజు ఎవరేమన్నారో కల్పించి రాయడం నాకిష్టం లేదు. దొర నోట ఒక మాట, ఫోటోగ్రాఫర్ నోట ఒక మాట పెడితే కథ రక్తి కడుతుంది, కానీ అబద్ధమవుతుంది. చేతులు ఏం చేశాయో మాత్రం నిస్సంకోచంగా చెప్పగలను. ఆ పని ఇంకోలా చేయడానికి వీల్లేదు కనక.

మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా. నల్లగుడ్డ కప్పుకుని ఒక మనిషి వెనక వంగాడు. కెమెరా వెనక భాగంలో గరుకు గాజు ఉంటుంది. దాని మీద లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది: పులి పైన, దొరగారి టోపీ కింద. లెన్స్‌ను ముందుకీ వెనక్కీ జరిపి బొమ్మను స్పష్టం చేసుకున్నాడు. తర్వాత ఆ గరుకు గాజును తప్పించి, అదే చోట చెక్క హోల్డర్ ఒకటి దూర్చాడు. హోల్డర్ లోపల వెలుతురు తగలని గాజు ప్లేటు ఉంది. దాని ముందు పల్చటి పలక అడ్డం. పలకను పైకి లాగాడు. లెన్స్ తెరిచాడు, మూశాడు. పలకను మళ్లీ కిందికి దించాడు. హోల్డర్ బయటికి వచ్చింది. పులి అందులో ఉంది.

ఆ కెమెరా సికింద్రాబాద్ నుంచి వచ్చిన రాజా దీన్ దయాళ్ స్టూడియోది. నెక్కొండ ఫోటో గురించి చాలామంది రాశారు. వాళ్లంతా పులి గురించి, దొర గురించి రాశారు. నేను రాయాలనుకుంటున్నది ఆ హోల్డర్ గురించి. కెమెరా వెనక్కి వచ్చి తగులుకుని, తన పని కాగానే ఊడి వెళ్లిపోయే ఆ భాగం గురించి. నూట ఇరవై ఏళ్ల తర్వాత ఆబిడ్స్‌లో ఒక మేడమీద గదిలో దాన్నే మళ్లీ చూశాను.

*

దీన్ దయాళ్ మన ప్రాంతం వాడు కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు, రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో కొలువు చేశాడు. కెమెరా పట్టింది 1874లో. అప్పటికి ఫోటో తీయడమంటే ఒక వంట. 1851లో ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు కనిపెట్టిన తడి ప్లేటు పద్ధతి అది. శుభ్రంగా తుడిచిన గాజు మీద జిగురులాంటి కొలోడియన్ పోయాలి. దోసెపిండి పెనమంతా సమంగా పరుచుకున్నట్టు అది నాలుగు మూలలకూ పారాలి. వెంటనే చీకట్లో వెండి ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి, తీయాలి, కడగాలి. చల్లటి దేశంలో ఆ గడువు పది నిమిషాలు. మన ఎండల్లో అంత కూడా లేదు. అందుకే ఫోటోగ్రాఫర్ ఎక్కడికి పోతే అక్కడికి చీకటి డేరా, సీసాలు, నీళ్ల కుండలు, వాటిని మోసే మనుషులు. కెమెరా కదిలినంత దూరం గది కూడా కదలాలి.

1871లో మాడాక్స్ అనే వైద్యుడు జెలటిన్ పూత దారి చూపించాడు. 1880ల నాటికి పూత పూసి ఆరబెట్టిన ప్లేట్లు పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. కెమెరా అదే, లెన్స్ అదే, బెలోస్ అదే. వెనక పెట్టే ప్లేటు ఒక్కటే మారింది. కానీ దానితో జీవితమే మారిపోయింది. డేరా మోయక్కర్లేదు. ఇవాళ తీసి, వారం తర్వాత సికింద్రాబాద్ వెళ్లి తీరిగ్గా కడుక్కోవచ్చు. దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచింది సరిగ్గా ఆ రోజుల్లోనే, 1886లో. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతిలో ఉంచాడు. 1896లో బొంబాయి స్టూడియో. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఇంత విస్తరణకు ఆయన ప్రతిభ కారణమే, సందేహం లేదు. ఆ ఆరిన ప్లేటు కూడా అంతే కారణమని నా నమ్మకం. తడి ప్లేట్లతో అన్ని ఊళ్లు, అన్ని దర్బార్లు, అన్ని వేటలు ఒక స్టూడియో చుట్టబెట్టడం అయ్యే పని కాదు.

ఆయన 1905లో కన్నుమూశాడు. 1908 సెప్టెంబరులో మూసీ నది హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు శిథిలాలను ఫోటోలుగా దాచింది దీన్ దయాళ్ అండ్ సన్స్ పేరుతో నడిచిన ఆ స్టూడియోనే.

*

నాంపల్లి స్టేషన్‌లో దిగి ఆబిడ్స్ వైపు నడిచిన వాళ్లకు తెలుస్తుంది, ఆ దారి ఎంత చిన్నదో. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన పెట్టిన దుకాణం పేరు మీద ఆ సెంటరుకు ఆ పేరు వచ్చింది. నా చిన్నప్పుడు ఆబిడ్స్ అంటే కొత్త బట్టలు, మిఠాయి, ఆ రెండింటి తర్వాత ఫోటో.

1978 జనవరిలో మా నాన్న మమ్మల్ని నాంపల్లి నుమాయిష్‌కు తీసుకొచ్చాడు. నాకప్పుడు ఆరేళ్లు. ఎగ్జిబిషన్ తిరిగి కాళ్లు నొప్పులు పుట్టాక, మర్నాడు పొద్దున ఊరికి బస్సెక్కేముందు, ఆబిడ్స్‌లో ఒక స్టూడియోకి వెళ్లాం. గోడకు అద్దం, దాని ముందు దువ్వెన, పౌడర్ డబ్బా. వెనక మెట్లూ పూలకుండీలూ గీసిన తెర. అమ్మ కుర్చీలో, నాన్న వెనక నిలబడి, నేనూ చెల్లీ ముందు. స్టూడియో ఆయన రెండు కళ్ల యాషికా కెమెరా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆ కెమెరాలో బొమ్మ పైనుంచి చూడాలి. అందుకని తల బాగా వంచాడు. ఆయన మాకు నమస్కారం పెడుతున్నాడనుకుని నేను తిరిగి రెండు చేతులూ జోడించాను. ఆ ఫోటోలో ఇప్పటికీ నా చేతులు సగం జోడించి ఉంటాయి.

ఆ కెమెరాలోకి వేసేది వన్ ట్వెంటీ రీలు. 1901లో కోడక్ తెచ్చిన సైజు. వెనక కాగితం ఉన్న ఫిల్ము చుట్ట, ఆరు సెంటీమీటర్ల చదరపు నెగటివ్‌లు పన్నెండు వస్తాయి. వాటినే మీడియం ఫార్మాట్ అంటారు. పల్లెటూళ్లో కాస్త ఉన్న ఇళ్లలో కనిపించే ఆగ్ఫా క్లిక్ త్రీ కూడా ఆ రీలే మింగేది. అది బరోడాలో తయారైంది. రీలు కూడా స్వదేశీదే ఉండేది. 1960లో ప్రభుత్వం ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. 'ఇందు' అని దాని పేరు. మన స్టూడియోల గోడల మీద ఆ పేరు చదివిన తరం ఇంకా ఉంది. ఆ ఫ్యాక్టరీ రంగుల కాలాన్ని అందుకోలేక 1990ల్లో ఖాయిలా పడింది, చివరికి మూతపడింది.

ఆరు సెంటీమీటర్ల నెగటివ్ అంటే స్టూడియో వాళ్లకు ఎందుకంత ఇష్టమో చెప్పాలి. పెన్సిల్ పట్టుకుని టచింగ్ చేయడానికి దాని మీద చోటుంటుంది. కంటి కింద నలుపు, చెంప మీద మచ్చ నెగటివ్‌లోనే సరిచేసేవాళ్లు. చిన్న రీలు నెగటివ్ గోరంత, ఆ పని దాని మీద సాగదు. పైగా ఎన్‌లార్జర్‌లో గోడంత పెంచినా ముఖం పిండిపిండి కాదు. చనిపోయిన పెద్దల ఫోటోలకు దండ వేసి చావడిలో పెట్టుకునే మన ఇళ్లకు ఆ నెగటివ్ సైజు ఎంతో ఆసరా.

మా ఫోటో వెనక స్టూడియో ముద్ర, సిరాతో రాసిన నంబరు. ఆ నంబరు చెబితే ఎప్పుడైనా కాపీ ఇస్తామన్నారు. నాన్న దాన్ని బీరువాలో, భూమి కాగితాలతో పాటు దాచాడు.

నాన్న పోయాక ఆ ఫోటో బయటికి తీశాం. చెమ్మకు ఆయన ముఖం దగ్గరే పొర లేచిపోయింది. అమ్మ ముఖం బాగుంది, మా ముఖాలు బాగున్నాయి. నంబరు రాసుకుని ఆబిడ్స్‌కు వచ్చాను. స్టూడియో ఉంది, లోపల డిజిటల్ మిషన్లు ఉన్నాయి. నెగటివ్‌ల సంగతి అడిగితే, దుకాణం సగం చేసినప్పుడు పెట్టెలన్నీ వెండి తీసేవాళ్లకు తూకానికి ఇచ్చేశామన్నారు. నలుపు తెలుపు ఫిల్ములో నలుపంతా వెండే. కరిగిస్తే వస్తుంది. మా నాన్న ముఖంలో ఎంత వెండి ఉంటుంది? ఆ మెట్లు దిగుతూ ఏడ్చాను, చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. చోటు లేకపోతే ఒక పోస్టుకార్డు రాసి వచ్చి తీసుకెళ్లమనొచ్చు కదా. ఎన్ని వందల ఇళ్ల ముఖాలు ఆ మూసలో కరిగిపోయాయో.

*

కోపంలోంచే పుట్టింది, నేనూ ఒక పాత యాషికా కొనుక్కోవాలన్న పట్టుదల. దాని షట్టర్ పట్టేసింది. బాగుచేసే మనిషిని వెతుక్కుంటూ ఆబిడ్స్‌లో ఒక మేడ ఎక్కాను. చిన్న గది, బల్ల మీద పచ్చగుడ్డ, దాని మీద స్క్రూలు ఊడిన వరసలోనే పేర్చి ఉన్నాయి. డెబ్బై దాటిన పెద్దాయన. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. బల్ల మీద ఎవరిదో హాసెల్‌బ్లాడ్ కెమెరా ఉంది.

"చాచా, డిజిటల్ బ్యాక్ అంటారు కదా, నా దానికి పడుతుందా?" అని అడిగాను.

ఆయన నా యాషికా వెనక తలుపు తెరిచాడు. కీలు మీద తిరిగింది. "సాబ్, ఇది తలుపు. తెరుచుకుంటది, ఊడి రాదు" అన్నాడు. తర్వాత హాసెల్‌బ్లాడ్ చేతిలోకి తీసుకుని, చీకటి పలక దూర్చి, మీట నొక్కాడు. వెనకున్న ఫిల్మ్ డబ్బా మొత్తం ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది. "దీనికైతే పడతది."

నెక్కొండ హోల్డర్‌ను నేను మళ్లీ చూసింది అక్కడే.

స్వీడన్‌లో విక్టర్ హాసెల్‌బ్లాడ్ 1948లో అమ్మకానికి తెచ్చిన కెమెరా గొప్పతనం అదే. లెన్స్ ఒక ముక్క, నడుమ పెట్టె ఒక ముక్క, వెనక ఫిల్మ్ డబ్బా ఒక ముక్క. రీలు సగంలో ఉండగానే నలుపు తెలుపు డబ్బా తీసి రంగుల డబ్బా తగిలించొచ్చు. 1957లో వచ్చిన 500 సి దాన్ని స్థిరపరిచింది. 1969 జూలైలో చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ చేతిలో ఉన్నది ఆ కుటుంబం కెమెరానే. తిరుగు ప్రయాణంలో బరువు తగ్గించుకోవాలి. అందుకని అపోలో యాత్రికులు చంద్రుడి నేల మీద వాడిన కెమెరాలను, లెన్సులను దాదాపు అన్నీ అక్కడే వదిలేశారు. వెనక డబ్బాలు మాత్రం ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నారు.

అలా ఊడే వీపు ఉండబట్టే తర్వాతి కథ నడిచింది. 1990ల మొదట్లో లీఫ్ అనే కంపెనీ ఆ డబ్బా స్థానంలో బిగించే ఎలక్ట్రానిక్ పెట్టె తెచ్చింది. డిజిటల్ బ్యాక్ అంటే అదే. నలభై లక్షల చుక్కలు, అంటే నాలుగు మెగాపిక్సెళ్లు. రంగు కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాల గుండా మూడుసార్లు తీయాలి. మనిషి కన్ను ఆర్పినా చెడిపోతుంది కనక గడియారాలు, సీసాలు, నగలు తీసుకోవాల్సిందే. పైగా కెమెరా నుంచి కంప్యూటర్‌కు తీగ. అది ఎక్కడుంటే కెమెరా అక్కడే. చదువుతుంటే నాకు దీన్ దయాళ్ తొలినాళ్ల డేరా కళ్లకు కట్టింది. తడి ప్లేటు కాలంలో చీకటి గదికి కట్టేసినట్టే, తొలి డిజిటల్ బ్యాక్ కెమెరాను కంప్యూటర్ బల్లకు కట్టేసింది.

తర్వాత ఇక్కడా ప్లేటు ఆరింది. బ్యాటరీ, మెమరీ కార్డు బ్యాక్‌లోనే ఇమిడాయి, తీగ తెగింది. 1993లో డెన్మార్క్‌లో పుట్టిన ఫేజ్ వన్ ఆ దారిలో ముందుకు పోయి 2018లో పదిహేను కోట్ల చుక్కల బ్యాక్ చేసింది. హాసెల్‌బ్లాడ్ 2006లో తన పాత కెమెరాల కోసం పదహారు మెగాపిక్సెళ్ల బ్యాక్, 2024 జనవరిలో వంద మెగాపిక్సెళ్ల బ్యాక్ విడుదల చేసింది. 1957 నాటి పెట్టెకు 2024 నాటి వీపు తగిలించుకోవచ్చన్నమాట. ఇది నిజంగా అబ్బురం. అరవై ఏడేళ్ల స్కూటరుకు కొత్త ఇంజను పట్టడం కంటే పెద్ద విషయం.

అయినా లెక్క చూసుకోవాలి. ఆ పాత పెట్టె వెనక ఫిల్ము మీద బొమ్మ పడే జాగా 56 మిల్లీమీటర్ల చదరం. 2024 బ్యాక్‌లో సెన్సర్ దాదాపు 44 కి 33 మిల్లీమీటర్లు. విస్తీర్ణంలో సగం కంటే తక్కువ. లెన్స్ చూపించే గదిలో గోడల పక్క భాగమంతా పోయి నడుమ ముక్కే దక్కుతుంది. ఇరుకు స్టూడియోలో పదిమంది పెళ్లి బృందాన్ని నిలబెట్టినవాడికి ఆ నష్టం అర్థమవుతుంది. ఇంకొకటి. ఫిల్ము కాస్త వంగుతుంది, చిన్న ఫోకస్ పొరపాటును కప్పిపుచ్చుతుంది. సెన్సర్ పలకలా బల్లపరుపు. ఏళ్ల తరబడి అరిగిన అద్దం వెంట్రుకవాసి పక్కకు ఉన్నా పట్టిచ్చేస్తుంది. కొత్త బ్యాక్ ధర లక్షల్లో. అందుకే అవి ప్రకటనల స్టూడియోలకు, మ్యూజియాలకు వెళ్లాయి. యాషికాలతో, క్లిక్ త్రీలతో బతికిన మన పేటల స్టూడియోలకు ఆ మార్గం ఎన్నడూ లేదు. మన కెమెరాల వీపులు ఊడేవి కావు. మనవాళ్లు వన్ ట్వెంటీ నుంచి చిన్న రీలు రంగుల ల్యాబులకు, అక్కడి నుంచి నేరుగా డిజిటల్ కెమెరాకు దూకారు. నడుమ మెట్టు మనకు దక్కలేదు.

చాచా నా షట్టర్ విప్పుతూ ఒక మాటన్నాడు. "స్ప్రింగు పోతే నేను చేస్త. పండ్లు అరిగితే ఇంకో కెమెరాలకెల్లి తీసి పెడ్త. చిప్పు పోతే నా చేతుల ఏముంది?" ఆయన బల్ల సొరుగులో ఒక పాత డిజిటల్ బ్యాక్ ఉంది. బాగుచేయమని ఎవరో ఇచ్చి వెళ్లారట. దాని తీగ తగిలే కంప్యూటర్లు ఇప్పుడు రావు, బ్యాటరీ దొరకదు. దాని కంటే నలభై ఏళ్లు పెద్దదైన హాసెల్‌బ్లాడ్ పక్కనే టక్కుమని కొట్టుకుంటోంది. మీడియం ఫార్మాట్ భవిష్యత్తు డిజిటల్ బ్యాక్‌లో ఉందని ఇరవై ఏళ్ల కింద అందరూ అనుకున్నారు. ఆ సొరుగు చూశాక నేను అలా అనుకోలేను. బ్యాక్‌లు వస్తాయి, ముసలివవుతాయి, పోతాయి. పెట్టె ఉంటుంది. పెట్టె కన్నా ముఖ్యంగా, ఆ వీపు మోసుకొచ్చిన బొమ్మ ఉండాలి.

ఆ మాటకు రుజువు కూడా దీన్ దయాళే. ఆయన పోయిన ఎనభై నాలుగేళ్లకు, 1989లో, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 సేకరించి భద్రపరిచింది. పది అంగుళాలకు పన్నెండు అంగుళాల ప్లేటు ఒకటి మన ఆరు సెంటీమీటర్ల నెగటివ్‌కు దాదాపు పాతిక రెట్లు. ఇవాళ ప్రపంచమంతా పెద్ద పెద్ద లైబ్రరీలు అలాంటి గాజు ప్లేట్లను వెలుగు బల్ల మీద పరిచి, పైనుంచి డిజిటల్ బ్యాక్‌తో తీసి దాచుకుంటున్నాయి. అరువు తెచ్చుకున్న ఆ వీపుకు అంతకంటే మంచి ఉద్యోగం నాకు కనబడదు. కొత్త బొమ్మ తీయడానికి మరో వంద కెమెరాలున్నాయి. పాత బొమ్మ పోతే మళ్లీ తీయడానికి మనుషులు లేరు.

దానికి లక్షలు కూడా అక్కర్లేదు. తెల్లగా వెలిగే పలక, స్టాండుకు బిగించిన మామూలు డిజిటల్ కెమెరా, దగ్గరి వస్తువులు తీసే లెన్స్ ఉంటే వన్ ట్వెంటీ నెగటివ్‌ను ఇంట్లోనే తీసుకోవచ్చు. రెండు మూడు ముక్కలుగా తీసి కలిపితే స్టూడియో ప్రింటులో దాగిన చీర అంచు కూడా లెక్కకు వస్తుంది. ఆబిడ్స్, కోఠీ, నాంపల్లి స్టూడియోల అటకల మీద ఇంకా పెట్టెలు మిగిలి ఉంటే, వెండి తూకానికి ఇచ్చేముందు దయచేసి ఆగండి. తీసుకెళ్లడానికి నేను వస్తాను. నాలాంటివాళ్లు ఇంకా వస్తారు.

*

షట్టర్ బాగయ్యాక ఒక ఆదివారం యాషికా మెడలో వేసుకుని ఆబిడ్స్ వెళ్లాను. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు. రీలు ఇంగ్లండ్‌లో చేసిన ఇల్‌ఫర్డ్ నలుపు తెలుపు. ఫిల్ము ఇంకా చావలేదు. 2012లో దివాలా పిటిషన్ వేసిన కోడక్ సైతం 2022లో రంగుల గోల్డ్ ఫిల్మును వన్ ట్వెంటీ సైజులో తెచ్చింది. అయితే పన్నెండు బొమ్మలకు అయ్యే ఖర్చు చూస్తే వేలు మీట మీద ఆగిపోతుంది.

పుస్తకాల మీద వంగిన అమ్మాయిని తీశాను. జి.పి.ఓ. ముందు ఆటో తుడుచుకుంటున్న ఆయన్ని అడిగి తీశాను. మా ఫోటో తీసిన స్టూడియో మెట్లను తీశాను. తల వంచినప్పుడల్లా ఎదుటివాళ్లు నన్ను వింతగా చూశారు. ఒక చిన్నపిల్ల మాత్రం నమస్తే పెట్టింది.

రీలు ఇంట్లోనే కడిగాను. డెవలపర్ ఇరవై డిగ్రీలుండాలి. మే నెలలో మా ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చేతికే వేడి. బకెట్లో ఐసు వేసి, అందులో సీసాలు దించి, థర్మామీటరు చూస్తూ కూర్చున్నాను. కడిగిన ఫిల్ము బాల్కనీలో బట్టల క్లిప్పుకు వేలాడదీశాను. ఆరాక నాలుగేసి బొమ్మల ముక్కలుగా కత్తిరించి, వెలుగు పలక మీద పెట్టి, ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పాత స్టూడియో ఆయన లాగే ఒక్కో ముక్క అంచున సిరాతో నంబరు వేసి బటర్ పేపరు కవర్లలో పెట్టాను. కవర్ల మీద రాశాను: ఆబిడ్స్, ఆదివారం పొద్దున, ఒకటి నుంచి పన్నెండు. పిల్ల నమస్తే పెట్టింది ఏడో నంబరు.